ప్రపంచంలో ఏటా ఎన్ని కొత్త బేస్ గిటార్లు అమ్ముడవుతాయి? ఒక అంచనా, దాని వెనుక ఉన్న లెక్క

ప్రపంచం మొత్తం మీద ఒక సంవత్సరంలో ఎన్ని కొత్త బేస్ గిటార్లు, అంటే మంద్ర స్వరాలు పలికే ఎలక్ట్రిక్ గిటార్లు, అమ్ముడవుతాయి, ఆ సంఖ్యను ఎవరికైనా అందుబాటులో ఉండే సమాచారంతోనే అంచనా వేయవచ్చా అన్నది ఇక్కడ అడిగిన ప్రశ్న. ముందు జవాబు చెప్పి, ఆ తరువాత దానికి చేరిన దారి చూపిస్తాను. నా లెక్క ప్రకారం ఆ సంఖ్య సుమారు 5 లక్షలు. అది 3 లక్షలకు లోపే ఉంటుందని గానీ, 10 లక్షలు దాటుతుందని గానీ ఎవరైనా అంటే, వారి లెక్కను ఒకటికి రెండుసార్లు తిరగేసి చూడకుండా ఒప్పుకోను. వాద్య పరికరాల టోకు వ్యాపారంలో, వచ్చే ఏడాదికి ఏ సరుకు ఎంత తెప్పించాలో నిర్ణయించే పని నేను చాలా కాలం చేశాను. ఆ అనుభవంతో ఒక మాట మాత్రం గట్టిగా చెప్పగలను: ఈ అంచనా అంతా ఒకే ఒక్క నిష్పత్తి మీద నిలబడి ఉంది. వంద ఎలక్ట్రిక్ గిటార్లు అమ్ముడైనచోట బేస్ గిటార్లు ఎన్ని అమ్ముడవుతాయన్నదే ఆ నిష్పత్తి. దాన్ని పట్టుకోగలిగితే మిగిలినది చాలావరకు గుణకార భాగహారాల పనే.

ముందుగా దేన్ని లెక్కపెడుతున్నామో తేల్చుకోవాలి. పాల్ టుట్‌మార్క్ అనే ఆయన 1930లలోనే సియాటిల్‌లో మెట్లున్న ఎలక్ట్రిక్ బేస్‌ను తయారు చేసి అమ్మినా, ఈ వాద్యం లెక్కపెట్టదగినంత సరుకుగా మారింది 1951లో అమెరికా వాద్య తయారీదారు లియో ఫెండర్ ‘ప్రెసిషన్ బేస్’ అనే నమూనాను విడుదల చేసిన తరువాతనే. నాలుగు తీగలు, 34 అంగుళాల తీగ పొడవు, గిటారులాగే అడ్డంగా పట్టుకుని వాయించే ఘనమైన చెక్క శరీరం అనే ఆ నమూనానే నేటికీ ప్రమాణంగా ఉంది. ఈ లెక్కలో నేను అయిదు, ఆరు తీగల బేస్‌లనూ, తీగ పొడవు తక్కువగా ఉండే చిన్న బేస్‌లనూ, యాంప్లిఫైయరుతో కలిపి ఒకే పెట్టెలో అమ్మే ఆరంభ స్థాయి బేస్‌లనూ చేర్చుకుంటున్నాను. నిలువుగా నిలబెట్టి వాయించే ఎలక్ట్రిక్ డబుల్ బేస్‌లనూ, బేస్ ఉకులేలేలనూ, బొమ్మ వాద్యాలనూ వదిలేస్తున్నాను. శబ్దపేటిక ఉన్న అకౌస్టిక్ బేస్‌లు ఎంత కొద్దిగా అమ్ముడవుతాయంటే, వాటిని చేర్చినా వదిలేసినా జవాబు కదలదు. ‘కొత్త’ అంటే తొలిసారి ఒక వినియోగదారుడి చేతికి చేరినది. ‘అమ్మకం’ అంటే దుకాణం నుంచి కొనుగోలుదారుకు జరిగినది. ఈ రెండో నిర్వచనం ఎందుకు ముఖ్యమో చివర్లో చెబుతాను.

ప్రభుత్వాల సుంకం లెక్కల్లో ఈ సంఖ్య సిద్ధంగా ఉండకపోతుందా అని ఎవరికైనా అనిపిస్తుంది. 1988 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ సరుకుల వర్గీకరణలో 92వ అధ్యాయం పూర్తిగా సంగీత వాద్యాలదే. అయితే అందులో బేస్ గిటారుకు విడిగా గది లేదు. శబ్దాన్ని విద్యుత్తుతో పెంచవలసిన వాద్యాలన్నీ 9207 కింద చేరతాయి; వాటిలో కీబోర్డులు పోగా మిగిలినవన్నీ 9207.90 అనే ఒకే బుట్టలో పడతాయి. ఎలక్ట్రిక్ గిటార్లు, బేస్‌లు, ఎలక్ట్రానిక్ డ్రమ్ములు అన్నీ అక్కడే ఉంటాయి. అకౌస్టిక్ గిటారు మాత్రం 9202.90లోకి, వీణలూ హార్పుల సరసకు వెళ్లిపోతుంది. అమెరికా వంటి దేశాలు తమ సొంత ఉపవిభాగాలతో మెట్లున్న తీగ వాద్యాలను వేరు చేసుకున్నా, గిటారుకూ బేస్‌కూ మధ్య గీత అక్కడ కూడా కనిపించదు. పైగా ఒక దేశపు ఓడరేవులో దిగిన సరుకు పక్క దేశానికి తిరిగి ఎగుమతి అయితే, అదే పెట్టె రెండు చోట్ల లెక్కకు వస్తుంది. కాబట్టి సుంకం లెక్కలు మొత్తం ఎలక్ట్రిక్ వాద్యాల పరిమాణానికి పైహద్దు గీయడానికి పనికొస్తాయి గానీ, మన ప్రశ్నకు నేరుగా జవాబివ్వవు.

ఇక పట్టుకోవడానికి ఉన్న గట్టి కొమ్మ అమెరికా అమ్మకాలు. 1890 నుంచి వెలువడుతున్న మ్యూజిక్ ట్రేడ్స్ అనే వ్యాపార పత్రిక అక్కడి వాద్యాల అమ్మకాలను ఏటేటా లెక్కగడుతుంది. ఎలక్ట్రిక్ గిటార్ల భవిష్యత్తు గురించి 2017లో వాషింగ్టన్ పోస్ట్ ప్రచురించిన ఒక కథనం ప్రకారం, అంతకు ముందు పదేళ్లలో అమెరికాలో వాటి వార్షిక అమ్మకాలు సుమారు 15 లక్షల నుంచి 10 లక్షలకు కాస్త పైదాకా తగ్గాయి. నేను ఆ 10 లక్షలనే పునాదిగా తీసుకుంటాను. ఏ అంచనాకైనా బాగా తెలిసిన ఒక సంఖ్య నుంచి బయలుదేరి, తెలియని అడుగులను వీలైనంత తక్కువ వేయడం మంచిది. ఇక్కడ మనం వేయవలసినవి రెండే అడుగులు. గిటారు నుంచి బేస్‌కు ఒకటి, అమెరికా నుంచి ప్రపంచానికి మరొకటి.

మొదటి అడుగు దగ్గరే చాలామంది జారిపోతారు. ఒక బృందంలో ఇద్దరు గిటారిస్టులు, ఒక బేసిస్టు ఉంటారు కాబట్టి వంద గిటార్లకు యాభై బేస్‌లు అమ్ముడవ్వాలని వాదించేవారిని చూశాను. వినడానికి ఇది సబబుగానే ఉంటుంది గానీ, గిటార్లు కొనేవారిలో ఎక్కువమంది ఏ బృందంలోనూ వాయించరు. గిటారు ఒంటరిగా కూర్చుని పాటకు తోడుగా వాయించుకోగల వాద్యం. బేస్‌కు మాత్రం పక్కన మరొకరు ఉంటేనే రాణింపు. కాబట్టి లెక్కను ఇలా మార్చి చూడాలి. వంద మంది ఎలక్ట్రిక్ గిటారు కొన్నవారిలో మూడో వంతు మంది మాత్రమే ఇతరులతో కలిసి వాయిస్తారనుకుందాం. ఆ 33 మందికి, ఇద్దరికి ఒకరి చొప్పున, 16 లేదా 17 మంది బేసిస్టులు కావాలి. అయిదో వంతు మందే బృందాల్లో ఉంటారనుకుంటే ఆ 20 మందికి 10 మంది చాలు. దీనికి రెండు సవరణలు చేయాలి, అవి ఒకదానికొకటి ఎదురు లాగుతాయి. గిటారిస్టులు ఒక్కొక్కరు నాలుగైదు వాద్యాలు పోగుచేసుకుంటారు. బేసిస్టులు సాధారణంగా అంతకంటే పొదుపరులు, ఇది నిష్పత్తిని కిందికి లాగుతుంది. ఇంట్లో పాటలు రికార్డు చేసుకునే గిటారిస్టులు తమ అవసరానికి ఒక బేస్ కూడా కొనుక్కుంటారు, ఇది పైకి లాగుతుంది. రెండూ దాదాపు చెల్లుకు చెల్లు అనుకుని, వంద గిటార్లకు 10 నుంచి 20 బేస్‌లు అనే హద్దులు పెట్టుకున్నాను. దాని ప్రకారం అమెరికాలో ఏటా లక్ష నుంచి 2 లక్షల కొత్త బేస్‌లు అమ్ముడవుతాయని తేలుతుంది.

ఈ హద్దులు ఊహకు వచ్చినవే గదా, వీటిని పరీక్షించేదెలా? తప్పు పద్ధతి ఏదో ముందు చెబుతాను, ఎందుకంటే దాన్ని నేనే ఒకసారి అనుసరించి దెబ్బతిన్నాను. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, ఒక తయారీదారు జాబితాలో గిటారు నమూనాలు ఎన్ని, బేస్ నమూనాలు ఎన్ని అని లెక్కపెట్టి, మూడింట ఒక వంతు బేస్‌లే కనబడడంతో అదే నిష్పత్తిలో సరుకు తెప్పించాను. గిటార్లు పండుగకు ముందే అయిపోయాయి. బేస్‌లు మాత్రం మరుసటి ఏడాది చివరి వరకు గిడ్డంగిలో దుమ్ము పట్టాయి. జాబితాలో ఉండేవి నమూనాలే తప్ప అమ్ముడైన వాద్యాలు కావు. గిటార్లలో ఒక్క నమూనాయే వేలల్లో అమ్ముడవుతుంది. బేస్‌లలో నాలుగు తీగలది, అయిదు తీగలది, చిన్న మెడది, మెట్లు లేనిది అంటూ ఒక్కో రకానికి కొద్దిమంది కొనేవారే ఉన్నా, వారందరి కోసం జాబితాలో చోటు ఉంచక తప్పదు.

దానికంటే నయమైన ఆధారం పెద్ద ఆన్‌లైన్ దుకాణాల్లో వినియోగదారులు రాసే సమీక్షల సంఖ్య. జర్మనీలోని ట్రెపెన్‌డోర్ఫ్‌లో 1954లో మొదలైన తోమన్ వంటి దుకాణం పేజీల్లో ప్రతి వాద్యం పక్కనా సమీక్షలు ఎన్ని ఉన్నాయో కనబడుతుంది. కొన్నవారిలో ఎంతమంది సమీక్ష రాస్తారో మనకు అక్కరలేదు. గిటారు కొన్నవారూ బేస్ కొన్నవారూ దాదాపు ఒకే రేటున రాస్తారనుకుంటే చాలు, నిష్పత్తి బయటపడుతుంది. అయితే ఒకే సంస్థకు చెందిన, ఒకే ధర శ్రేణిలోని, దాదాపు ఒకే కాలంలో అమ్మకానికి వచ్చిన నమూనాలనే పక్కపక్కన పెట్టాలి. పదిహేనేళ్లుగా అమ్ముతున్న గిటారు సమీక్షలను నిరుడు వచ్చిన బేస్ సమీక్షలతో పోలిస్తే వచ్చేది వయసుల తేడాయే గానీ అమ్మకాల తేడా కాదు.

నాకు అన్నింటికంటే ఇష్టమైన పద్ధతి క్రమ సంఖ్యలది. దీనికి రెండో ప్రపంచ యుద్ధం నాటి నేపథ్యం ఉంది. జర్మనీ నెలకు ఎన్ని ట్యాంకులు తయారు చేస్తున్నదో తెలుసుకోవడానికి మిత్రరాజ్యాల గణాంక నిపుణులు, పట్టుబడిన ట్యాంకుల మీది క్రమ సంఖ్యలను వాడుకున్నారు. 1941 జూన్ నెలకు గూఢచారుల అంచనా 1,550. గణాంక నిపుణుల అంచనా 244. యుద్ధం ముగిశాక జర్మన్ల రికార్డుల్లో దొరికిన అసలు సంఖ్య 271. 1942 ఆగస్టుకు గూఢచారులు మళ్లీ 1,550 అన్నారు, గణాంకం 327 అంది, అసలు సంఖ్య 342. సూత్రం చిన్నదే: చూసిన సంఖ్యల్లో అతి పెద్దదానికి, దాన్నే చూసిన వాటి సంఖ్యతో భాగించగా వచ్చినదాన్ని కలిపి, ఒకటి తీసేయాలి.

దీన్ని మన వాద్యాలకు అన్వయించడం కష్టం కాదు. చాలా కర్మాగారాలు క్రమ సంఖ్యలోనే తయారీ సంవత్సరాన్నీ, కొన్ని తయారైన చోటునూ సూచిస్తాయి. పాత వాద్యాలను అమ్మకానికి పెట్టేవారు వాద్యపు తల వెనుక భాగాన్ని ఫొటో తీసి మరీ ఆ సంఖ్యను చూపిస్తారు. ఒక కర్మాగారంలో ఒక ఏడాది తయారైన వాద్యాల సంఖ్యలను 200 సేకరించామనీ, వాటిలో అతి పెద్దది 91,350 అనీ అనుకుందాం. దాన్ని 200తో భాగిస్తే సుమారు 457. కలిపి ఒకటి తీసేస్తే ఆ ఏడాది ఉత్పత్తి దాదాపు 91,800. ఇందులో పొరపాటు జరిగినా ఒకటిన్నర శాతానికి మించదు. చాలాచోట్ల గిటార్లకూ బేస్‌లకూ ఒకే వరుసలో సంఖ్యలు వేస్తారు కాబట్టి ఈ 200లో బేస్‌లెన్నో లెక్కపెడితే నిష్పత్తి కూడా అదే దెబ్బకు దొరుకుతుంది. అవి 26 అనుకుందాం, అంటే 13 శాతం. మిగిలిన 174 గిటార్లతో పోలిస్తే వందకు 15. అప్పుడు ఆ కర్మాగారపు బేస్‌లు సుమారు 12,000. కానీ 200లో 26 అనే నమూనాకు ఇటూ అటూ దాదాపు 5 శాతం పాయింట్ల ఊగిసలాట ఉంటుంది, కాబట్టి అసలు సంఖ్య 7,500 కావచ్చు, 16,500 కూడా కావచ్చు. ఒకే కట్ట కాగితాల నుంచి మొత్తం ఉత్పత్తి ఇంత బిగువుగా, బేస్‌ల వాటా ఇంత వదులుగా రావడం చూస్తే, శ్రమంతా నిష్పత్తి మీద పెట్టాలని మొదట్లో ఎందుకన్నానో తెలుస్తుంది.

ఈ పద్ధతిలో ఒక ఉచ్చు ఉంది. సంఖ్యలు ఒకటి నుంచే మొదలవుతాయని గుడ్డిగా నమ్మకూడదు. గిటార్లు తయారు చేసే గిబ్సన్ సంస్థ 1977లో మొదలుపెట్టిన ఎనిమిది అంకెల పద్ధతిలో సంవత్సరం, ఆ ఏడాదిలో ఎన్నో రోజు అన్నవి పోగా, చివరి మూడు అంకెలు ఆ రోజు వరుసను చెప్పేవి. అప్పట్లో దానికి కలమజూలోనూ నాష్‌విల్‌లోనూ రెండు కర్మాగారాలుండేవి. 500కు లోపు సంఖ్యలు మొదటిదానివి, 500 నుంచి పైవి రెండోదానివి. ఇది తెలియనివారు నాష్‌విల్‌లో ఉదయాన తయారైన తొలి గిటారును చూసి, ఆ రోజుకు అప్పటికే అయిదు వందలు తయారైపోయాయని లెక్కగట్టేస్తారు. ప్రతి సంస్థ పద్ధతినీ ముందు చదువుకోవాలి; వరుసలో అతి చిన్న సంఖ్య ఎక్కడ మొదలవుతున్నదో కూడా చూసుకోవాలి. ఇంకో చిన్న చిక్కు: బేస్ కొని మానేసినవారు గిటారు మానేసినవారికంటే తొందరగా అమ్మేస్తే, పాత వాద్యాల సంతలో బేస్‌ల వాటా కాస్త ఎక్కువగా కనబడుతుంది.

ఇక రెండో అడుగు, అమెరికా నుంచి ప్రపంచానికి. ప్రపంచ అమ్మకాల్లో అమెరికా వాటాను నేను వాద్యాల సంఖ్యలో 25 నుంచి 40 శాతం అనుకుంటున్నాను. డబ్బులో చూస్తే ఆ వాటా ఇంకా పెద్దది, కారణం అక్కడ ఖరీదైన వాద్యాలు ఎక్కువగా అమ్ముడవుతాయి. జపాన్, జర్మనీ, బ్రిటన్ వంటి పాత మార్కెట్లతో పాటు చైనా, లాటిన్ అమెరికా, ఆగ్నేయాసియా కూడా చవక వాద్యాలను పెద్ద సంఖ్యలోనే కొంటాయి కాబట్టి, సంఖ్యల లెక్కలో అమెరికాను సగానికి దగ్గరగా తీసుకుపోవడం నాకు ఇష్టం లేదు.

ఇక్కడ హద్దులను ఎలా కలపాలన్నది తెలిసి ఉండాలి. లక్షను 40 శాతంతో భాగిస్తే రెండున్నర లక్షలు. 2 లక్షలను 25 శాతంతో భాగిస్తే 8 లక్షలు. ఈ రెండింటి మామూలు సగటు తీసుకుంటే అయిదుంపావు లక్షలు వస్తుంది, కానీ గుణించి భాగించి వచ్చిన అంచనాలకు మామూలు సగటు నప్పదు, పై హద్దు దాన్ని తనవైపు లాగేస్తుంది. వాటిని గుణించి వర్గమూలం తీయాలి, అంటే గుణోత్తర మధ్యమం కావాలి. అది సుమారు నాలుగున్నర లక్షలు. పైగా రెండు అడుగుల్లోనూ ఒకే దిశలో పూర్తిగా తప్పడం అరుదు; ఒకటి పైకి తప్పితే మరొకటి కిందికి తప్పవచ్చు. అందువల్ల 2.5 నుంచి 8 లక్షల వరకు ఉన్న పరిధి న్యాయంగా 3 నుంచి 7 లక్షల వరకు బిగుస్తుంది.

డబ్బు లెక్క నుంచి సంఖ్యకు రావాలని చూసేవారికి ఒక హెచ్చరిక. ఫెండర్ సంస్థ ఆదాయం 2020లో 70 కోట్ల డాలర్లకు చేరిందని పత్రికల్లో వచ్చింది. అందులో బేస్‌ల వాటాను ఊహించి, ఒక సగటు ధరతో భాగిస్తే సరిపోతుందని అనిపిస్తుంది. మొదటి చిక్కు, ఆ ఆదాయంలో యాంప్లిఫైయర్లు, తీగలు, ఇతర సామగ్రి కూడా కలిసి ఉన్నాయి. రెండోది, తయారీదారు ఆదాయం దుకాణదారుకు అమ్మిన ధర మీద లెక్కవుతుంది, మనకు కనబడేది చిల్లర ధర. మూడోదే అసలైనది: సగటు ధర అంటే ఏమిటి? మాటవరసకు వంద బేస్‌లలో 70 రెండేసి వందల డాలర్లవి, 25 ఏడేసి వందలవి, 5 రెండేసి వేలవి అనుకోండి. మొత్తం 41,500 డాలర్లు, సగటు 415, కానీ మధ్యగతం, అంటే ధరల వరుసలో నడుమ ఉండే ధర, 200 మాత్రమే. ఖరీదైన ఆ ముప్పై వాద్యాలే డబ్బులో మూడింట రెండు వంతులు మోస్తున్నాయి. పత్రికల్లో, వీడియోల్లో మనకు కనబడేవి ఆ ముప్పై వాద్యాలే కాబట్టి చాలామంది సగటు ధరను 800 డాలర్లు అనుకుంటారు, దాంతో వాద్యాల సంఖ్య సగానికి పడిపోతుంది. అమ్మకాల సంఖ్యను నడిపించేది ఆరంభ స్థాయి చవక బేస్.

అమెరికాను పూర్తిగా పక్కన పెట్టి, వాయించేవారి వైపు నుంచి మరో దారి వేద్దాం. ప్రపంచ జనాభా 2022లో 800 కోట్లు దాటింది. అందులో బేస్ కొనగల స్తోమత, ఎలక్ట్రిక్ వాద్యాల సంగీతంతో పరిచయం, వాయించే వయసు మూడూ ఉన్నవారు 200 కోట్లు అనుకుందాం. వారిలో 400 మందికి ఒకరు ఎంతో కొంత బేస్ వాయిస్తారనుకుంటే 50 లక్షల మంది. ఒక్కొక్కరు సగటున పదేళ్లకొక కొత్త బేస్ కొంటే ఏటా 5 లక్షలు. 250 మందికి ఒకరు, ఎనిమిదేళ్లకొకటి అంటే 10 లక్షలు. 600 మందికి ఒకరు, పదిహేనేళ్లకొకటి అంటే 2.2 లక్షలు. మొదటి దారితో ఇది చక్కగా కలిసింది గానీ, నేను దీన్ని చూసి పెద్దగా మురిసిపోవడం లేదు. మొదటి జవాబు తెలిసి ఉన్నప్పుడు రెండో దారిలోని ఊహలను ఎంచుకునే చెయ్యి తెలియకుండానే అటు వాలుతుంది. నిజంగా స్వతంత్రమైన పరీక్ష కావాలంటే, మొదటి లెక్క చూడని మరొకరి చేత ఈ మూడు సంఖ్యలనూ వేయించాలి.

నేర్చుకునేవారి గురించి వచ్చే సర్వేలను ఈ దారిలో వాడాలని కొందరికి తోస్తుంది. అమెరికాలో అంతకు ముందు రెండేళ్లలో సుమారు 1.6 కోట్ల మంది కొత్తగా గిటారు పట్టారని ఫెండర్ సంస్థ 2021 అక్టోబరులో ఒక సర్వే ఆధారంగా ప్రకటించింది. వారంతా కొత్త వాద్యమే కొని ఉంటే దుకాణాలన్నీ ఖాళీ అయిపోయేవి. అటక మీది పాత గిటారును దించినవారు, స్నేహితుడిది తెచ్చుకున్నవారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారు, రెండు వారాలు ప్రయత్నించి వదిలేసినవారు అందరూ అందులో ఉన్నారు. నేర్చుకోవడం మొదలుపెట్టినవారి సంఖ్యకూ కొత్త వాద్యాల అమ్మకానికీ మధ్య చాలా పెద్ద జల్లెడ ఉంది. సెకండ్ హ్యాండ్ వాద్యాల కోసమే పేరుపొందిన రెవర్బ్ అనే ఆన్‌లైన్ సంతను 2019లో ఎట్సీ సంస్థ 27.5 కోట్ల డాలర్లకు కొన్నదంటే, ఆ జల్లెడ ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు. బేస్ మరీ గట్టి వాద్యం. నలభై ఏళ్ల నాటి బేస్ కూడా తీగలు మార్చి, మెడ సరిచేస్తే కొత్తదానికి దీటుగా పలుకుతుంది.

ఏ అంచనానైనా చివరకు ఒక దుకాణం గడప దగ్గరికి తెచ్చి చూడడం నా అలవాటు. అమెరికాలో గిటార్ సెంటర్ గొలుసు 2020 నవంబరులో దివాలా రక్షణ కోరినప్పుడు దానికి దాదాపు 300 దుకాణాలున్నాయి. దేశంలో అమ్ముడయ్యే కొత్త బేస్‌లు 1.4 లక్షలనీ, వాటిలో నాలుగో వంతు ఆ గొలుసు ద్వారా పోతాయనీ అనుకుందాం. ఏడాదికి 35,000, ఒక్కో దుకాణానికి 117 చిల్లర, వారానికి రెండుకు కాస్త ఎక్కువ. అదే లెక్కన 10 లక్షల గిటార్లకు ఒక్కో దుకాణంలో వారానికి 16 అమ్ముడవుతాయి. పెద్ద దుకాణంలో గోడ నిండా గిటార్లుండి, ఒక పక్క బేస్‌లు పాతిక ముప్పై వేలాడుతుండడం చూసినవారెవరికైనా ఈ జోరు నమ్మదగినదిగానే తోస్తుంది. అమెరికా ఒక్కదానిలోనే ఏటా 10 లక్షల బేస్‌లు పోతాయని ఎవరైనా అంటే, దుకాణానికి వారానికి 16 బేస్‌లన్నమాట. గోడ మీది బేస్‌లన్నీ పదిహేను రోజులకొకసారి ఖాళీ కావాలి.

ఇక ఏ సంవత్సరం సంగతి మాట్లాడుతున్నామన్నది మిగిలింది. నేను పునాదిగా తీసుకున్న 10 లక్షలు 2010ల మధ్యకాలానివి. 2020లో జనం ఇళ్లలో ఉండిపోవడంతో గిటార్లకూ బేస్‌లకూ గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. కర్మాగారాలు, ఓడలు రెండూ వెనకబడ్డాయి, దుకాణాలు వచ్చిన సరుకు వచ్చినట్టే అమ్మాయి, దొరకదేమోనన్న భయంతో అవసరానికి మించి ఆర్డర్లు పెట్టాయి. ఆ సరుకంతా గిరాకీ చల్లబడిన తరువాత దిగడంతో 2022, 2023లలో గిడ్డంగులు నిండిపోయి తగ్గింపు ధరలు మొదలయ్యాయి. కర్మాగారం నుంచి దుకాణానికి పోయిన లెక్క చూసినవారికి 2021, 2022 అద్భుతంగా కనబడతాయి. దుకాణం నుంచి ఇంటికి పోయిన లెక్క చూసినవారికి శిఖరం అంతకు ముందే వచ్చి, వంపు మెల్లగా దిగుతుంది. అమ్మకాన్ని మొదట్లోనే దుకాణం నుంచి కొనుగోలుదారుకు జరిగినదిగా నిర్వచించుకున్నది ఇందుకే. ఆ ఉప్పెన పోయాక కూడా స్థాయి 2010ల నాటికంటే కొంత పైనే నిలిచిందన్న నా అంచనాతో నాలుగున్నర లక్షలను 5 లక్షలకు జరిపాను. ఈ జరపడం అనుభవం మీద చేసినదే గానీ లెక్కలో తేలినది కాదు. ఒప్పుకోనివారు నాలుగున్నర దగ్గరే ఆగవచ్చు.

దీన్ని మెరుగుపరచాలని ఎవరికైనా ఉత్సాహం ఉండి, చేతిలో ఒక్క ఆదివారమే ఉంటే, ప్రపంచ వాటా గురించీ జనాభా గురించీ తల బద్దలు కొట్టుకోవద్దు. గిటార్లూ బేస్‌లూ ఒకే వరుసలో సంఖ్యలు వేసే ఏదైనా ఒక పెద్ద కర్మాగారాన్ని ఎంచుకుని, ఒకే ఏడాదికి చెందిన క్రమ సంఖ్యలు ఆరేడు వందలు సేకరించి, అందులో బేస్‌లు ఎన్నో లెక్కపెట్టండి. 200 నమూనాలకు 5 పాయింట్లున్న ఊగిసలాట 700 నమూనాలకు రెండున్నరకు దిగుతుంది. పేజీ పైన కనబడిన మొదటి ఫలితాలనే తీసుకోకుండా, ధర ఎక్కువ తక్కువలతో సంబంధం లేకుండా, ప్రతి పదో ప్రకటన చొప్పున ఎంచుకుంటే ఇంకా మంచిది. ఆ వాటా 8 శాతమని తేలితే నా 5 లక్షలను 3 లక్షలకు దించుతాను. 18 శాతమని తేలితే 7 లక్షలకు పెంచుతాను.